పాత ఫోన్, సిమ్ లేదు, నెట్ లేదు: దారి చూపిస్తుందా?

మొదటి రోజు, రాత్రి

సొరుగులో ఏడాదిన్నరగా పడి ఉన్న ఫోన్‌ని ఇవాళ బయటికి తీశాను. ఆండ్రాయిడ్ 7. స్క్రీన్ మూలలో చిన్న బీట. బ్యాటరీ ఒకసారి మార్పించిందే. సిమ్ ట్రే ఖాళీ. దీన్ని సైకిల్ హ్యాండిల్‌కి బిగించి, మ్యాప్ చూడటానికి మాత్రమే వాడుకోవాలని నా ఆలోచన. సిమ్ వెయ్యను, రీచార్జ్ చెయ్యను. రోజూ వాడే ఫోన్ జేబులో క్షేమంగా ఉంటుంది, ఎండా దుమ్మూ ఇది భరిస్తుంది.

మా బావకి చెప్తే కొట్టిపారేశాడు. "నెట్ లేకుండా జీపీఎస్ ఎలా వస్తుందిరా? దాని స్పెక్స్‌లో ఏ-జీపీఎస్ అని ఉంటుంది చూడు. ఏ అంటే అసిస్టెడ్. ఎవరో ఒకరు సాయం చేస్తేనే నడుస్తుంది."

చూశాను. నిజంగానే "ఏ-జీపీఎస్, గ్లోనాస్" అని ఉంది (గ్లోనాస్ అంటే జీపీఎస్ లాంటిదే, రష్యా వాళ్లది). అయినా వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. వైఫై ఆఫ్ చేశాను. సిమ్ లేదు కాబట్టి డేటా ప్రశ్నే లేదు. హాల్లో కూర్చుని మ్యాప్ తెరిచాను. మూడు సెకన్లలో నీలం చుక్క సరిగ్గా మా ఇంటి మీద వాలింది. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి బావకి పంపాను, పైన రెండు ఎమోజీలు కూడా పెట్టి.

ఆయన జవాబు: "స్లాబ్ కింద, మూడు సెకన్లలోనా?"

బావకి ఈ సాంకేతిక గొడవ ఏమీ తెలియదు. కానీ అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. కాంక్రీటు కింద కూర్చున్న ఫోన్, ఏడాదిన్నర తర్వాత నిద్రలేచి, మూడు సెకన్లలో శాటిలైట్లని పట్టుకోవడం అసాధ్యం. ఆ చుక్క ఇంకెక్కడి నుంచో వచ్చింది.

అదే రాత్రి, పన్నెండు దాటాక

దొరికింది. వైఫై ఆఫ్ చేశానే గానీ, లొకేషన్ సెట్టింగుల్లో లోపల "వైఫై స్కానింగ్", "బ్లూటూత్ స్కానింగ్" అని రెండు వేరే స్విచ్చులున్నాయి. రెండూ ఆన్‌లోనే ఉన్నాయి. అంటే పైన వైఫై ఆపేసినా, చుట్టుపక్కల ఏ రౌటర్లు కూస్తున్నాయో ఫోన్ వింటూనే ఉంటుంది. సాయంత్రం అప్‌డేట్ల కోసం ఇంటి వైఫైకి తగిలించాను కదా, అప్పుడు తెచ్చుకున్న సమాచారంతో చోటు చెప్పి ఉంటుంది. లేదా చివరిసారి తెలిసిన చోటునే మళ్లీ చూపించి ఉంటుంది. ఏదైనా సరే, దానికీ ఆకాశానికీ సంబంధం లేదు.

రెండు స్కానింగ్‌లూ ఆపేశాను. ఆండ్రాయిడ్ 7లో ఒక సౌకర్యం ఉంది, ఆండ్రాయిడ్ 9 నుంచి తీసేశారు: లొకేషన్ మోడ్‌లో "డివైస్ ఓన్లీ" అని ఎంచుకోవచ్చు. అది పెడితే రౌటర్లు, సెల్ టవర్ల లెక్క ఏదీ కలవదు. పెట్టాను. పైగా ఏరోప్లేన్ మోడ్ కూడా. జీపీఎస్ చిప్ వినడమే గానీ ఏమీ పంపదు కాబట్టి ఆండ్రాయిడ్‌లో ఏరోప్లేన్ మోడ్ దాన్ని ఆపదు.

ఇప్పుడు నీలం చుక్క బూడిద రంగులోకి మారి కదలకుండా కూర్చుంది. అసలు పరీక్ష ఇక్కడి నుంచి మొదలు.

రెండో రోజు

బావ చెప్పిన "సాయం" గురించి ఉదయమంతా చదివాను. ఒకే పేరు కింద మనం మూడు వేరే వేరే సంగతులని కలిపేసి మాట్లాడుకుంటున్నాం.

ఒకటి, శాటిలైటే లేకుండా రౌటర్లు, టవర్లని బట్టి చోటు చెప్పడం. నిన్న నేను మోసపోయింది దీనితోనే. రెండోది, ఫోన్‌లోని చిప్పే సిగ్నల్ విని చోటు లెక్క కడుతుంది, కానీ ఏ శాటిలైట్ ఎక్కడుందో, టైమెంతో నెట్ ముందే చెప్పి పెడుతుంది. మూడోది, ఫోన్ సిగ్నల్‌ని కొలిచి ఊరుకుంటుంది, లెక్కంతా నెట్‌వర్క్ అవతలి సర్వర్ చేసి జవాబు పంపుతుంది. ఈ మూడో రకాన్నే ఎంఎస్-అసిస్టెడ్ అంటారు. 2000ల మొదట్లో కొన్ని సీడీఎంఏ ఫోన్లు ఇలాగే ఉండేవి. ఆ ఫోన్ల విషయంలో బావ మాట అక్షరాలా నిజం: నెట్‌వర్క్ పోతే జీపీఎస్ కూడా పోయినట్టే. అసలు చిప్పే లేని స్మార్ట్‌ఫోన్లూ ఉండేవి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో జీపీఎస్ లేదు, 2008లో వచ్చిన 3జీ మోడల్‌తో మొదలైంది.

ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో మామూలుగా ఉండేది రెండో రకం. సాయం అందితే తొందరగా, అందకపోతే నిదానంగా. కాబట్టి స్పెక్స్‌లో "ఏ-జీపీఎస్" అని కనిపిస్తే ఒంటరిగా పనిచేయదని అర్థం కాదు. అలాగని చేస్తుందన్న హామీ కూడా కాదు. నా ఫోన్ సంగతి నా ఫోన్‌నే అడగాలి.

కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ అనే టూల్‌తో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపేది) ఫోన్‌లోని ఫీచర్ల జాబితా అడిగాను. పొడుగాటి జాబితా వచ్చింది. అందులో "ఆండ్రాయిడ్, హార్డ్‌వేర్, లొకేషన్, జీపీఎస్" అని చుక్కలతో కలిపిన ఒక లైను ఉంది. దాని కిందే "లొకేషన్, నెట్‌వర్క్" అని ఇంకో లైను. సరే, కాగితం మీద చిప్ ఉంది.

బావ వాళ్ల టాబ్లెట్ కూడా నా దగ్గరే ఉంది, దానికీ ఇదే చేశాను. అందులో నెట్‌వర్క్ లైనే ఉంది, జీపీఎస్ లైను లేదు. వైఫై మాత్రమే ఉండే టాబ్లెట్లలో ఇది మామూలే. శాటిలైట్ రిసీవర్ తరచుగా సెల్యులార్ మోడెమ్ చిప్‌తో కలిసే వస్తుంది. సిమ్ పట్టని మోడల్‌లో ఆ భాగమంతా ఎగిరిపోతుంది. వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, సెల్యులార్ ఐప్యాడ్‌లో ఉంటుంది, కారణం అదే. ఇన్నాళ్లూ బావ "నెట్ లేకపోతే జీపీఎస్ రాదు" అని ఎందుకంటున్నాడో ఇప్పుడు తెలిసింది. ఆయన టాబ్లెట్‌లో నిజంగానే రాదు!

ఒక్క మాట. ఈ జాబితా అనేది తయారీదారు ఫోన్‌లో రాసిపెట్టిన ఫైలు. చిప్ ఉందని చెప్తుంది గానీ, అది ఇవాళ బతికి ఉందో లేదో చెప్పదు.

మూడో రోజు

శాటిలైట్లని చూపించే యాప్ ఒకటి వేశాను. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లకి ప్రతి శాటిలైట్ వివరం విడివిడిగా అందుతుంది: ఏ దేశం వ్యవస్థ, దాని నంబరు, సిగ్నల్ బలం, లెక్కలో వాడుతున్నారా లేదా. ఐఫోన్‌లో యాప్‌లకి ఈ జాబితా ఇవ్వరు, కాబట్టి అక్కడ ఈ పద్ధతి కుదరదు.

యాప్‌లో "ఏ-జీపీఎస్ డేటా తీసెయ్" అనే బటన్ ఉంది. అది నొక్కితే చిప్ దాచుకున్న కక్ష్యల వివరాలు, టైము, పాత చోటు అన్నీ పోతాయి. దీన్నే కోల్డ్ స్టార్ట్ అంటారు. నెట్ ఆపడం ఒక్కటే చాలదు, ఇది కూడా చెయ్యాలి. లేకపోతే నిన్నటి సాయాన్ని ఇవాళ తింటూ "నేను ఒంటరిగానే బతుకుతున్నా" అంటుంది.

ఏరోప్లేన్ మోడ్, డివైస్ ఓన్లీ, డేటా తుడిచేశాను. డాబా ఎక్కి, ఫోన్‌ని పిట్టగోడ మీద వెల్లకిలా పెట్టి స్టాప్‌వాచ్ నొక్కాను.

రెండు నిమిషాలకి మూడు శాటిలైట్లు కనిపించాయి. ఐదు నిమిషాలకి ఆరు. బలం అంకెలు: 17, 19, 14, 21, 16, 18. "వాడుతున్నవి" అన్న చోట సున్నా. పది నిమిషాలు. సున్నా. పద్నాలుగో నిమిషానికి మెడ నొప్పి మొదలైంది. అప్పటికీ సున్నా.

పక్కన నా రోజువారీ ఫోన్ పెట్టి అదే యాప్ తెరిచాను. 38, 41, 44, 36... పచ్చటి గీతలు నిలువునా లేచాయి.

ఆ అంకె డీబీ-హెర్ట్జ్‌లో ఉంటుంది, రొద కంటే సిగ్నల్ ఎంత పైకి ఉందో చెప్తుంది. బయట ఖాళీ ఆకాశం కింద 35 నుంచి 45 మధ్య రావాలి. ఇరవై చుట్టుపక్కలే ఉందంటే శాటిలైట్ ఉందని ఫోన్ పసిగడుతుంది గానీ, అది చెప్పే మాట అర్థం కాదు.

ఆ మాట ఏంటో చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాజెక్టంతా దాని మీదే నడుస్తోంది. జీపీఎస్ శాటిలైట్ సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. నేలకి చేరేసరికి దాని సిగ్నల్ ఎంత నీరసపడుతుందంటే, ఒక వాట్‌ని కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్లీ కోటి చేసి, అందులో ఒకదాన్ని ఇంకో వంద చేస్తే వచ్చే ముక్క అంత. ఆ సిగ్నల్ మీద శాటిలైట్ తన కక్ష్య వివరాలని సెకనుకి 50 బిట్ల వేగంతో చదువుతుంది. ఫోన్‌లో ఒక మామూలు ఫొటోని ఆ వేగంతో పంపితే రోజులు పడుతుంది. 1500 బిట్ల ఒక ఫ్రేమ్ పూర్తవడానికి 30 సెకన్లు. అందులో ఆ శాటిలైట్ సొంత గడియారం, కక్ష్య వివరాలు మొదటి 18 సెకన్లలో ఉంటాయి. మధ్యలో ఒక బిట్ తప్పిపోయినా ఆ ముక్క కోసం తర్వాతి విడత దాకా ఆగాలి. అందుకే ఎంత గొప్ప చిప్ అయినా కోల్డ్ స్టార్ట్‌లో అర నిమిషం దాకా తీసుకుంటుంది. అది చిప్ బద్ధకం కాదు, శాటిలైట్ మాట్లాడే వేగమే అంత. మొత్తం శాటిలైట్లన్నిటి స్థూల జాబితా రావాలంటే పన్నెండున్నర నిమిషాలు.

ఆ బిట్లు తప్పు లేకుండా చదవాలంటే బలం కనీసం 20ల చివర్లో ఉండాలి. నాకు వస్తున్నది 17.

నాలుగో రోజు

రాత్రి ఒక అనుమానం వచ్చింది. ఈ ఫోన్ నేను వాడినప్పుడు జీపీఎస్ బాగానే ఉండేదని గుర్తు. మరి ఇప్పుడేంటి?

డాబా మీదే మళ్లీ డేటా తుడిచి, ఈసారి ఏరోప్లేన్ మోడ్ తీసి వైఫై తగిలించాను. మోడ్ మాత్రం డివైస్ ఓన్లీయే. అంటే రౌటర్లని బట్టి చోటు చెప్పడం కుదరదు, కానీ రాబోయే కొన్ని రోజుల శాటిలైట్ కక్ష్యల అంచనా ఫైలు, సరైన టైము నెట్ నుంచి తెచ్చుకోవచ్చు.

ఇరవై సెకన్లు. ఫిక్స్ వచ్చేసింది, అంటే చోటు తేలింది. వాడుతున్నవి 5.

బలం అంకెలు చూస్తే అవే: 18, 21, 17, 22, 19. ఏమీ మెరుగుపడలేదు. చుక్క మాత్రం మ్యాప్ మీద రెండు వీధుల అవతల పడింది, ఒక 60 మీటర్ల తేడాతో.

ఇదీ అసలు సంగతి. కక్ష్య వివరాలు నెట్ ఇచ్చేసింది కాబట్టి శాటిలైట్ మాటని బిట్టు బిట్టుగా చదవాల్సిన పని చిప్‌కి తప్పింది. సిగ్నల్ ఎప్పుడు చేరిందో పసిగడితే చాలు. అంత పనికి 18 కూడా సరిపోతుంది. అంటే ఈ ఫోన్ చెవి ఎప్పటి నుంచో మందగించి ఉంది. నెట్ పక్కన నిలబడి ప్రతిదీ గట్టిగా చెప్తుండటంతో నాకు తెలియలేదు. ఎప్పుడైనా చుక్క పక్క వీధిలో పడితే "మ్యాప్ తప్పు" అనుకుని ఊరుకున్నాను.

కాబట్టి "నెట్ ఆపితే జీపీఎస్ పోతోంది, అంటే ఈ ఫోన్‌లో అసలు జీపీఎస్ లేదు" అనుకోవడం తొందరపాటు. చిప్ ఉంది. లెక్క కూడా అదే కడుతోంది. యాంటెనాలోనే ఏదో ఉంది.

ఆరో రోజు

మధ్యలో ఒక రోజు పని ఒత్తిడిలో పోయింది. ఇవాళ ఫోన్ విప్పాను.

ఫోన్ ఆఫ్ చేసి, వెనక మూత తీశాను. మూత కింద నల్లటి ప్లాస్టిక్ చట్రం, చుట్టూ చిన్న స్క్రూలు. లెక్కపెట్టాను: పదకొండు రంధ్రాలు, పది స్క్రూలు. పై కుడి మూలది లేదు. బ్యాటరీ మార్చినప్పుడు మళ్లీ బిగించడం మర్చిపోయినట్టున్నారు.

చట్రం ఎత్తగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. ఇది మర్చిపోకూడదు, పట్టకారు ఎక్కడ తగిలినా ప్రమాదమే. తర్వాత చట్రం లోపలి వైపు చూశాను. ప్లాస్టిక్ మీద సన్నటి రాగి రంగు గీతలు, గోరంత వెడల్పు. అవే యాంటెనాలు. విడిగా తీగలేమీ ఉండవు. ఆ గీత చివర ఒక బంగారు రంగు మచ్చ ఉంటుంది. బోర్డు మీద సరిగ్గా దాని కింద బియ్యపు గింజలో సగమంత స్ప్రింగ్ రేకు ఉంటుంది. చట్రం బిగించినప్పుడు ఆ రేకు ఆ మచ్చని నొక్కుకుని ఉండాలి. శాటిలైట్ నుంచి అంత దూరం వచ్చిన సిగ్నల్ చిప్‌లోకి వెళ్లే దారి ఆ ఒక్క తాకిడే.

లేని స్క్రూ ఉండాల్సింది సరిగ్గా దాని పక్కనే. రేకు చదునుగా అణిగిపోయి ఉంది. మచ్చ మీద మసకగా ఏదో పట్టింది. టార్చ్ పక్క నుంచి వేసి చూస్తే పక్క రేకులు చిన్న కొక్కేల్లా లేచి ఉన్నాయి, ఇది ఒక్కటే పడుకుని ఉంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి మచ్చనీ రేకునీ తుడిచాను. తర్వాత సూది మొనతో రేకుని కొంచెం, చాలా కొంచెం, పైకి లేపాను. ఊపిరి బిగపట్టి చేసిన పని. అది విరిగితే ప్రాజెక్టు అక్కడితో సమాప్తం. పక్క రేకుల ఎత్తుకి వచ్చాక ఆపేశాను. లేని స్క్రూ చోట పెట్టడానికి నా డబ్బాలో సరిపడేది లేదు. ఆ మూల మీద మడిచిన టేపు ముక్క పెట్టి, మూత దాన్ని నొక్కేలా మూశాను.

నా దగ్గర ఉన్న అనుభవం ఇంతే, కాబట్టి ఎవరి ఫోన్ వాళ్లు ఆలోచించుకుని విప్పండి. మూత అంటించి ఉన్న ఫోన్లలో ఇంత సులువుగా తెరుచుకోదు, నీటి నుంచి కాపాడే జిగురు పోతే మళ్లీ రాదు.

అదే సాయంత్రం

డాబా. కోల్డ్ స్టార్ట్. ఏరోప్లేన్ మోడ్. ఫోన్ పిట్టగోడ మీద.

ఇరవై సెకన్లలోనే గీతలు లేచాయి. 33, 36, 39, 31, 41. నాకు చేతులు వణికాయి, నిజం. నిమిషం ముప్ఫై నాలుగు సెకన్లకి "వాడుతున్నవి" అంకె సున్నా నుంచి ఒక్కసారిగా 4కి దూకింది. తర్వాత 7, 9, 11. చుక్క డాబా మీదకి వచ్చి కూర్చుంది.

నాలుగు దగ్గరే చోటు ఎందుకు తేలింది అంటే, తెలియనివి నాలుగు కాబట్టి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు మూడు, నాలుగోది ఫోన్ గడియారం తప్పు. సిగ్నల్ కాంతి వేగంతో వస్తుంది. గడియారం సెకనులో పది లక్షలవంతు తేడా ఉంటే లెక్కలో 300 మీటర్ల తప్పు. శాటిలైట్లలో అణు గడియారాలు ఉంటాయి, ఫోన్‌లో ఉండేది క్వార్ట్జ్ ముక్క. అందుకని ఆ తప్పుని కూడా తెలియని సంఖ్యగానే పెట్టి, నాలుగో శాటిలైట్‌తో దాన్నీ తేల్చేస్తారు. జీపీఎస్, గ్లోనాస్ కలిపి వాడితే రెండు వ్యవస్థల సమయాల మధ్య తేడా ఇంకో తెలియనిది అవుతుంది, దానికి ఇంకో శాటిలైట్ కావాలి.

మళ్లీ తుడిచి రెండోసారి: 51 సెకన్లు. మూడోసారి: 44. తుడవకుండా, ఐదు నిమిషాలు ఆగి తెరిస్తే మూడు సెకన్లు. తెచ్చుకున్న కక్ష్య వివరాలు సుమారు నాలుగు గంటలు పనికొస్తాయి, ఆ లోపు తెరిస్తే మళ్లీ చదవక్కర్లేదు.

బావకి వీడియో పంపాను. పైన ఏరోప్లేన్ గుర్తు కనిపించేలా, ఫోన్ తిప్పి ఖాళీ సిమ్ ట్రే కూడా చూపించి. "సరే ఒప్పుకున్నా, మా టాబ్లెట్‌కి కూడా ఆ సూదితో ఏదైనా చెయ్యి" అని జవాబు. లేని చిప్‌ని సూదితో ఎలా లేపుతాను బావా!

ఎనిమిదో రోజు

కొత్త తలనొప్పి. ఉదయం నడకకి తీసుకెళ్లి దారి రికార్డు చేశాను. గీత బ్రహ్మాండంగా ఉంది, రోడ్డు పక్కనే నడిచింది. కానీ ఫైలు తెరిస్తే తేదీ దాదాపు ఇరవై ఏళ్ల కిందటిది! ఫోన్ గడియారం సరిగ్గానే ఉంది. ఫైల్లో తేదీ మాత్రమే తప్పు.

రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టాను. 7168. ఏడుతో భాగిస్తే 1024. అప్పుడు నవ్వొచ్చింది.

జీపీఎస్ పాత సందేశంలో వారం నంబరుకి 10 బిట్లే ఇచ్చారు. 0 నుంచి 1023 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకి వస్తుంది. లెక్క 1980 జనవరి 6న మొదలైంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి సున్నా అయింది. ఇది ఎన్నో చుట్టో శాటిలైట్ చెప్పదు, చిప్‌లోని ఫర్మ్‌వేరే (దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఊహించుకోవాలి. సాధారణంగా ఒక ఆధార వారం పెట్టుకుని, అక్కడి నుంచి 1024 వారాల లోపే ఉన్నామని నమ్ముతుంది. ఆ గడువు దాటాక, అప్‌డేట్ రాని చిప్ పాత చుట్టులోకి జారిపోతుంది. నా ఫోన్‌ది అదే కథ. చోటు లెక్కకి వారం లోపలి సెకన్లు చాలు కాబట్టి చుక్క మాత్రం సరైన చోటే పడుతుంది. నెట్ ఉన్నప్పుడు ఇది కూడా నా కంట పడలేదు.

దారి రికార్డు చేసే యాప్‌లో "ఫోన్ సమయం వాడు" అన్న ఆప్షన్ దొరికింది. పెట్టేశాను. పాత ఫైలుకి మాత్రం ప్రతి తేదీకీ 7168 రోజులు కలిపే నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాశాను.

తొమ్మిదో రోజు

టాబ్లెట్ సంగతి తొందరగా తేలిపోయింది. బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ ఒకటి అరువు తెచ్చాను. అది శాటిలైట్లని విని, ఎన్ఎంఈఏ అనే వరుసల రూపంలో చోటు పంపుతుంది. టాబ్లెట్‌లో ఒక యాప్ ఆ వరుసలు చదివి, డెవలపర్ ఆప్షన్స్‌లోని "మాక్ లొకేషన్" దారిలో సిస్టమ్‌కి అందిస్తుంది. మ్యాప్ యాప్‌కి తేడా తెలియదు. పనిచేసింది. కాకపోతే ఛార్జింగ్ పెట్టాల్సిన వస్తువు ఇంకొకటి తయారైంది.

మన దేశపు శాటిలైట్ వ్యవస్థ నావిక్ వస్తుందా అని బావ అడిగాడు. ఈ పాత ఫోన్‌లో రాదు. నావిక్ మొదట ప్రసారం చేసింది ఎల్5 (1176.45 మెగాహెర్ట్జ్), ఎస్ అనే రెండు ఫ్రీక్వెన్సీ బ్యాండ్ల మీద. ఈ ఫోన్ వినేది ఎల్1 బ్యాండ్, అంటే 1575.42 చుట్టుపక్కల, గ్లోనాస్ కోసం 1602 చుట్టుపక్కల. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్-01 శాటిలైట్ నుంచి నావిక్ కూడా ఎల్1 మీద మాట్లాడుతోంది, కానీ ఆ భాష తెలియని పాత చిప్‌కి అది ఉత్త రొదే. నా రోజువారీ ఫోన్‌లో ఎల్5 గీతలు కనిపిస్తున్నాయి. ఆ ముచ్చట ఇంకోసారి.

పదకొండో రోజు

సైకిల్ మీద అసలు పరీక్ష. ముందు రాత్రి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్‌లో చుట్టుపక్కల ప్రాంతమంతా దింపుకున్నాను. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: చిప్ ఒంటరిగా చోటు చెప్పినా, మ్యాప్ నెట్‌లోనే ఉంటే బూడిద రంగు కాగితం మీద చుక్క తప్ప ఏమీ కనిపించదు. దారి లెక్క కూడా ఫోన్‌లోనే జరిగే యాప్ కావాలి.

రెండు గంటల పది నిమిషాలు తిరిగాను. ఏరోప్లేన్ మోడ్ తియ్యలేదు. ఖాళీ రోడ్డు మీద గీత రోడ్డుకి ఐదు మీటర్ల లోపే ఉంది. గుబురు చెట్ల కింద, ఆకులు తడిగా ఉన్న చోట, బలం 40ల నుంచి 20ల్లోకి పడింది, అయినా వదల్లేదు. ఎత్తయిన భవనాల మధ్య మాత్రం చుక్క ఒకసారి ఎదురు ఫుట్‌పాత్ మీదకి ఎక్కింది. సిగ్నల్ గోడకి తగిలి తిరిగొస్తే దారి పొడుగైనట్టు లెక్కలో పడుతుంది, చోటు జరుగుతుంది. వేగం అంకె మాత్రం నా సైకిల్ మీటర్‌తో దాదాపు కలిసింది.

ఊహించనిది ఒకటి తగిలింది. కూడలిలో ఆగినప్పుడల్లా బాణం గుర్తు పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. ఇంటికొచ్చి మొదటి రోజుల ఫీచర్ జాబితా మళ్లీ చూశాను. జీపీఎస్ లైను ఉంది, కంపాస్ లైను లేదు. ఈ ఫోన్‌లో అయస్కాంత సెన్సరే లేదు! శాటిలైట్లు నేనెక్కడున్నానో చెప్తాయి, కదిలితే ఎటు పోతున్నానో చెప్తాయి. నిలబడి ఎటు చూస్తున్నానో చెప్పవు. నాలుగడుగులు ముందుకి తొక్కితే బాణం సర్దుకుంటుంది. దానికి మందు లేదు, అలవాటు పడాలి.

బ్యాటరీ 100 నుంచి 38కి వచ్చింది. ఎక్కువ తిన్నది స్క్రీన్ వెలుగే అనుకుంటా. రేపు మలుపు దగ్గర మాత్రమే స్క్రీన్ వెలిగేలా పెట్టి చూస్తాను.

గతుకుల రోడ్డు తర్వాత బలం అంకెలు మళ్లీ చూశాను. 34, 37, 40. టేపు ముక్క నిలబడింది. ఆ పదకొండో స్క్రూ మాత్రం ఇంకా దొరకలేదు.